తూనికలు, కొలతలు, క్యూబిట్లు

పూలమ్మే ఆవిడ దండ కొసను మోచేతి దగ్గర ఆనించి నడివేలి చివరిదాకా లాగితే ఒక మూర. ఆ కొలతకు ఇంగ్లీషు పేరు క్యూబిట్. క్వాంటమ్ కంప్యూటర్‌కి పునాది ఇటుక అయిన ‘క్వాంటమ్ బిట్’కి పెట్టిన ముద్దుపేరు కూడా పలకడానికి క్యూబిట్టే. ఆ మాట 1995లో బెంజమిన్ షూమాకర్ రాసిన పరిశోధన వ్యాసంతో అచ్చెక్కింది. విలియం వూటర్స్‌తో కబుర్లాడుతుండగా సరదాకి పుట్టిందని షూమాకరే అందులో చెప్పుకున్నారు. సరదాకి పెట్టినా ఆ పేరు వంశాన్ని సరిగ్గానే బయటపెట్టింది. క్వాంటమ్ కంప్యూటింగ్ పరిశోధకుడు అనే వృత్తికి కంప్యూటర్ రంగం మెట్టినిల్లు. పుట్టిల్లు తూనికలు కొలతల శాఖ. సెకను అంటే ఎంత, వోల్టు అంటే ఎంత అని తేల్చడమే పనిగా పెట్టుకున్న ప్రభుత్వ ప్రయోగశాలల్లో కొన్ని చేతులు దశాబ్దాల తరబడి పదును దేలాయి. ఆ చేతులతో లెక్కలు కూడా చేయించవచ్చన్న ఆలోచన తర్వాత వచ్చి కలిసింది. ఏది ముందు ఏది వెనక అన్న ఈ పట్టింపు చాదస్తంగా కనిపించవచ్చు. కానీ ఇవాళ మనం కూడా ఈ వృత్తిని మన పిల్లలకు నేర్పడానికి పూనుకున్నాం. పుట్టిల్లు ఏదో తెలియకుండా నేర్పబోతే సగమే నేర్పుతాం.

వాడుకలో ఉన్న కథ వేరు. 1981 మేలో ఎంఐటీ వాళ్ల సదస్సులో రిచర్డ్ ఫైన్‌మన్, ప్రకృతిని యంత్రంలో అనుకరించాలంటే ఆ యంత్రం కూడా క్వాంటమ్ నియమాలతోనే నడవాలన్నారు. 1985లో ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ డాయిచ్ అలాంటి యంత్రానికి గణిత రూపం ఇచ్చారు. 1994లో బెల్ ల్యాబ్స్‌లో పీటర్ షోర్, పెద్ద సంఖ్యను కారణాంకాలుగా చకచకా విడగొట్టే పద్ధతి కనిపెట్టారు. బ్యాంకుల రహస్య సంకేతాలు ఆధారపడ్డది ఆ పని కష్టమన్న నమ్మకం మీదే కాబట్టి ప్రపంచం ఉలిక్కిపడింది. ఆపైన ఐబీఎం, గూగుల్. ఈ కథలో అబద్ధమేమీ లేదు. అయితే ఇది ఆలోచనల చరిత్ర, వృత్తి చరిత్ర అనిపించుకోదు. ఫైన్‌మన్ ఉపన్యాసం నుంచి షోర్ పద్ధతి దాకా పదమూడేళ్లు గడిచాయి. ఆ పదమూడేళ్లలో ఒక్క క్వాంటమ్ గేటు కూడా ఎవరూ చేసి చూపలేదు. షోర్ తర్వాత ఏడాదిన్నర తిరిగేసరికి చూపించారు. అంత తొందరగా పని చేయగలిగిన మనుషులు ఆకాశం నుంచి ఊడిపడరు. వాళ్లు అప్పటిదాకా ఏ కొలువులో ఉన్నారు, ఏ పనికి జీతం తీసుకుంటున్నారు అని అడిగితే తప్ప వృత్తి చరిత్ర మొదలుకాదు.

అలా అడుగుతూ వెనక్కి వెళితే 1930ల చివర న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో తేలతాం. అక్కడ ఇసిడోర్ రాబీ అణువుల ధారను అయస్కాంతాల మధ్య నుంచి పంపుతూ, రేడియో తరంగంతో వాటిని ఒక స్థితి నుంచి మరో స్థితికి తిప్పడం సాధించారు. ఈ పద్ధతితో గడియారం చేయవచ్చని 1945లో ఒక ఉపన్యాసంలో ఆయనే చెప్పారు. ఆయన శిష్యుడు నార్మన్ రామ్సే 1949లో హార్వర్డ్‌లో దానికి ఒక మెలిక పెట్టారు. పరమాణువును దారి పొడుగునా తరంగంలో ముంచే బదులు, మొదట్లో ఒక చిన్న తోపు, చివర్లో ఒక చిన్న తోపు ఇచ్చి, మధ్యలో దాని మానాన దాన్ని వదిలేయాలి. ఊయలను ఒకసారి తోసి, కొంతసేపాగి మళ్లీ తోసినట్టు. రెండో తోపు ఊయల లయకు కలిస్తే ఊపు పెరుగుతుంది, తప్పితే ఆగిపోతుంది. మధ్యలో ఎంత ఎక్కువసేపు ఆగితే లయలో అంత సన్నని తేడా కూడా బయటపడుతుంది. ఇంగ్లండ్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో లూయిస్ ఎసెన్, జాక్ ప్యారీ 1955లో సీజియం గడియారాన్ని నడిపించారు. 1967లో సెకనుకు కొత్త నిర్వచనం వచ్చింది: సీజియం పరమాణువు తరంగం 9,192,631,770 సార్లు ఊగే కాలమే ఒక సెకను. రామ్సే దగ్గర 1970లో డాక్టరేట్ పూర్తిచేసిన డేవిడ్ వైన్‌లాండ్, సియాటిల్‌లో హాన్స్ డెమెల్ట్ దగ్గర అయాన్లను పట్టి నిలపడం నేర్చుకుని, 1975లో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో ఉన్న నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో చేరారు. పేరులోనే ఉంది, అది ప్రమాణాల కార్యాలయం. 1988లో నిస్ట్ అని పేరు మార్చుకున్నా పని మారలేదు.

వైన్‌లాండ్ బృందానికి కావాల్సింది మెరుగైన గడియారం, అంతే. ధారలో దూసుకుపోయే పరమాణువు కళ్లముందు క్షణకాలమే ఉంటుంది. విద్యుత్ క్షేత్రాల ఉచ్చులో అయాన్‌ను నిలబెడితే గంటల తరబడి చూడవచ్చు. అలాంటి ఉచ్చును జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ పాల్ 1950లలోనే తయారుచేశారు. ఉచ్చులోని అయాన్ వణికితే గడియారం తప్పుతుంది కనుక 1978లో మెగ్నీషియం అయాన్లను లేజర్‌తో చల్లబరిచారు. 1985లో బెరీలియం అయాన్లతో గడియారం నడిపారు. 1989లో ఒకే ఒక్క పాదరసం అయాన్‌ను, క్వాంటమ్ సూత్రాలు అనుమతించినంత కనిష్ఠ కదలికకు దించేశారు. అక్కడికి వచ్చాక అడ్డుపడింది సాంకేతిక లోపం కాదు, ప్రకృతే. ప్రతి అయాన్‌నూ కొలిచినప్పుడు అది అవును అనో కాదు అనో మాత్రమే చెబుతుంది, బొమ్మా బొరుసులా. వంద అయాన్లను కొలిస్తే పొరపాటు పదోవంతుకే తగ్గుతుంది, వందో వంతుకు తగ్గదు. ఈ హద్దును దాటాలంటే అయాన్లు విడివిడిగా జవాబు చెప్పకూడదు. వాటి జవాబులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలి. అలా ముడిపెట్టిన స్థితులతో గడియారం పొరపాటును తగ్గించే ప్రతిపాదనను 1992లో వాళ్లు ప్రచురించారు. ఎంటాంగిల్‌మెంట్ అని ఇవాళ అందరూ మంత్రంలా జపించే మాట బౌల్డర్‌లోకి ప్రవేశించింది ఈ దారినే: కొలతలో పొరపాటు తగ్గించే ఉపాయంగా, షోర్ కన్నా రెండేళ్లు ముందు.

ఇక్కడ మన వాళ్ల పేరు ఒకటి చెప్పుకోవాలి, మొహమాటానికి కాదు, నిజంగానే సంబంధం ఉంది గనుక. ఏ కొలతలోనైనా పొరపాటు ఇంతకన్నా తగ్గదు అని చెప్పే హద్దును 1945లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన కల్యంపూడి రాధాకృష్ణ రావు తేల్చారు. అప్పటికి ఆయనది పాతికేళ్ల ప్రాయం. స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామేర్ కూడా విడిగా అదే ఫలితానికి చేరడంతో ‘క్రామేర్–రావు హద్దు’ అన్న పేరు స్థిరపడింది. 1960ల చివర కార్ల్ హెల్‌స్ట్రామ్ దానికి క్వాంటమ్ రూపం ఇచ్చారు. ముడిపడ్డ అయాన్ల గడియారం ఎంతవరకు మెరుగుపడగలదో చెప్పేది ఆ రూపమే. క్వాంటమ్ రంగంలో తెలుగువాళ్ల పాత్ర గురించి రాసేటప్పుడు పత్రికలు కంపెనీల అధిపతుల జాబితా వేస్తాయి. రావుగారి పేరు అందులో కనబడదు. రంగం గణకులదని అనుకోవడం వల్ల వచ్చిన మరుపు అది. కొలతలదని తెలిస్తే ముందు ఆయన పేరే రాసేవాళ్లం.

1994 వేసవిలో పరమాణు భౌతిక శాస్త్ర అంతర్జాతీయ సదస్సు బౌల్డర్‌లోనే జరిగింది. ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆర్టుర్ ఎకర్ట్ అక్కడ షోర్ ఫలితం గురించి చెప్పి, ఒక గేటు, అంటే ఒక క్యూబిట్ స్థితిని బట్టి రెండోదాన్ని తిప్పే ఏర్పాటు, మీలో ఎవరైనా చేయగలరా అన్న ప్రశ్నను ప్రయోగాలు చేసేవాళ్ల ముందు పెట్టారు. అది విన్న ఇగ్నాసియో సిరాక్, పీటర్ జోలర్ తిరిగి వెళ్లి, వరుసగా నిలిపిన అయాన్ల ఉమ్మడి కదలికను తంతిలా వాడుకుని ఆ గేటు కట్టవచ్చని 1995 మేలో ప్రచురించారు. చదివిన వైన్‌లాండ్, క్రిస్ మన్రోల బృందానికి కొత్తగా కొనాల్సిన సామగ్రి పెద్దగా లేదు. ఉచ్చు ఉంది, బెరీలియం ఉంది, దాని వణుకును ఆపే లేజర్లు ఉన్నాయి. 1995 డిసెంబర్‌లో వాళ్లు అచ్చువేసిన ప్రయోగంలో ఉన్నది ఒకే అయాన్. దాని లోపలి స్థితి ఒక క్యూబిట్, ఉచ్చులో దాని ఊగులాట రెండో క్యూబిట్. ఊగులాట లేకపోతే లోపలి స్థితి అలాగే ఉంటుంది, ఉంటే తిరగబడుతుంది. ఆ తిప్పడానికి వాడింది జంట లేజర్ కిరణాలతో చేసే రామన్ పద్ధతి. విశాఖపట్నంలో బడి చదువు చదువుకున్న సి.వి. రామన్ పేరు అది. గేటుకు వాడిన అయాన్, గది, మనుషులు, అన్నీ గడియారం బాపతు సొత్తే. కంప్యూటర్ సైన్సు నుంచి వచ్చింది ప్రశ్న ఒక్కటే.

ఇది ఒక్క బౌల్డర్ సంగతి, ఒక్క అయాన్ల శాఖ సంగతి అనుకోనక్కర్లేదు. ఇవాళ ఏ క్వాంటమ్ ప్రయోగశాలలోనైనా పొద్దున్నే జరిగే పని చూడండి. అతివాహక చిప్పు అడుగున, రాగి పళ్లేలు అంచెలంచెలుగా వేలాడే ఫ్రిజ్‌లో, పరమశూన్యానికి సెంటీగ్రేడు డిగ్రీలో వందో వంతు ఎగువన ఉంటుంది. సుమారు అయిదు గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తోపు ఒకటి ఇస్తారు, నానోసెకన్లలో ముగిసేది. తోపు పొడుగు మారుస్తూ క్యూబిట్ పైకీ కిందకీ ఊగడాన్ని గీతగా గీస్తారు. ఆ గీతను అక్కడివాళ్లు ‘రాబీ’ అంటారు. తర్వాత సగం తోపు ఇచ్చి, కొంతసేపు ఆగి, మళ్లీ సగం తోపు ఇచ్చి కొలుస్తారు. ఆగే వ్యవధిని కొంచెం కొంచెం పెంచుకుంటూ వేలసార్లు చేస్తే తెరమీద అలలు వస్తాయి. మొదట ఎత్తుగా, పోనుపోను చదునుగా. ఆ అలల వేగం క్యూబిట్ అసలు పౌనఃపున్యం ఎంతో చెబుతుంది, చదునయ్యే వ్యవధి దాని జ్ఞాపకం ఎంతసేపు నిలుస్తుందో చెబుతుంది. దీన్ని ‘రామ్సే’ అంటారు. 1949లో అణువుల ధారల కొలతల కోసం కనిపెట్టి, గడియారాలకు ఎక్కించిన పని అది, తుచ తప్పకుండా. రాత్రి పౌనఃపున్యం కొంచెం జారి ఉంటుంది, దాన్ని సరిచేసి మళ్లీ కొలుస్తారు. కొలువులో చేరిన కుర్రవాడు మొదట నేర్చుకునేది ఇదే. షోర్ పద్ధతి ఒక్కసారైనా నడపకుండా రిటైరయ్యే క్వాంటమ్ శాస్త్రవేత్త ఉండవచ్చు. రామ్సే చేయకుండా వారం గడిపే ప్రయోగశాల ఉండదు.

ఆ అతివాహక శాఖ పుట్టుక చూసినా కొలతల గుమ్మమే ఎదురవుతుంది. 1962లో బ్రయన్ జోసెఫ్‌సన్, రెండు అతివాహకాల మధ్య పలచని పొర ఉన్నా విద్యుత్తు దూకుతుందని, దానికి వోల్టేజి పెడితే ఖచ్చితమైన పౌనఃపున్యంతో ఊగుతుందని గణించారు. వోల్టును పౌనఃపున్యంగా, అంటే గడియారంతో కొలవగల వస్తువుగా మార్చేసే సంధి అది. 1990 నుంచి 2019 దాకా ప్రపంచమంతా ఒక వోల్టుకు 483,597.9 గిగాహెర్ట్జ్ అని లెక్క పెట్టుకుంది. కేంబ్రిడ్జ్‌లో విద్యార్థిగా ఉన్న జాన్ క్లార్క్, అతిసూక్ష్మ వోల్టేజీ కొలిచే మీటరు కోసం నయోబియం తీగ మీద సాదాసీదా టంకపు బొట్టు వేసి అలాంటి సంధి చేశారు. చూడ్డానికి నత్తలా ఉండేది, పేరు కూడా ‘స్లగ్’. ఆయనే తర్వాత బర్క్‌లీలో 1984, 85లలో మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లతో కలిసి, చేత పట్టుకోగల చిప్పు మీది విద్యుత్ వలయం మొత్తం ఒకే క్వాంటమ్ వస్తువులా ప్రవర్తిస్తుందని నిరూపించారు. ఆ ప్రయోగంలో గెలుపు ఎక్కడుందంటే, బయటి అలజడి వలయంలోకి రాకుండా ఆపడంలో. రాగి పొడి కూరిన గొట్టంలో సన్నని తీగ చుట్టను పూడ్చి వడపోతలు చేశారు. అలజడి ఆ పొడిలో వేడిగా మారి చచ్చిపోతుంది. ఆ పనికి ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది. గూగుల్ తరఫున 2019లో 53 క్యూబిట్ల యంత్రం నిలబెట్టిన జట్టుకు పెద్ద అని మార్టినిస్‌ను ప్రపంచం ఎరుగుతుంది. అంతకుముందు ఏళ్ల తరబడి, 2004 దాకా, ఆయన కొలువు చేసింది బౌల్డర్ ప్రమాణాల కార్యాలయంలోనే అని ఎరగదు. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి పంపే పరికరం మీద అక్కడ పనిచేశారు, విద్యుత్ ప్రమాణాల కోసం. ఆయన మొదటి క్యూబిట్ ఊగింది కూడా 2002లో ఆ చూరు కిందే. అయాన్లూ అతివాహకాలూ, పోటీపడుతున్న రెండు శాఖల పెద్దలూ ఒకే ఊళ్లో ఒకే కార్యాలయంలో ఉప్పు తిన్నవాళ్లు. దీన్ని యాదృచ్ఛికం అనేవాళ్లతో వాదించడం కష్టం.

సిద్ధాంతం వైపు నుంచి గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. షోర్ లేకపోతే బౌల్డర్ వాళ్లు ఈ రోజుకీ గడియారాలు చేసుకుంటూ ఉండేవాళ్లు కదా, ప్రశ్న లేనిదే పనితనం ఎందుకు? నిజమే. ఆ ప్రశ్నే వాళ్ల ఉద్యోగం పేరు మార్చింది. కానీ ప్రశ్న ఉండి పనితనం లేకపోతే ఏమవుతుందో కంప్యూటర్ చరిత్రే చెబుతుంది. చార్లెస్ బాబేజ్ పందొమ్మిదో శతాబ్దంలో అనలిటికల్ ఇంజిన్‌కు నక్షాలు గీశారు, ఏడా లవ్‌లేస్ దానికి లెక్కల క్రమం రాశారు. యంత్రం మాత్రం లేవలేదు, ఆ వృత్తి వందేళ్లు వాయిదా పడింది. ఇంకో సంగతి. షోర్ పద్ధతి వచ్చాక కూడా పెద్దలు నమ్మలేదు. ఐబీఎంలోని రాల్ఫ్ లాండవర్, పొరపాట్లు పేరుకుపోయి యంత్రం కూలుతుందని అన్నారు. 2012లో వైన్‌లాండ్‌తో నోబెల్ పంచుకోబోయే సెర్జ్ హరోష్ స్వయంగా, జాన్-మిషెల్ రేమండ్‌తో కలిసి 1996లో ఇది కలా పీడకలా అని సందేహిస్తూ వ్యాసం రాశారు. వాళ్ల సందేహాన్ని తీర్చింది పొరపాట్లను సరిదిద్దే సంకేతాలు: 1995లో షోర్, ఆ మరుసటి ఏడు ఆండ్రూ స్టీన్ ఇచ్చినవి. ఒక్కో అడుగులో పొరపాటు ఫలానా హద్దుకు లోపుంటే ఎంత పొడుగు లెక్కయినా చేయవచ్చని దానిమీద సిద్ధాంతం కట్టారు. ఈ సిద్ధాంతం సాధించిందేమిటో గమనించాలి. యంత్రం సాధ్యమా అన్న తాత్విక చర్చను అది ఒక అంకెగా మార్చేసింది: పదివేలలో ఎన్ని తప్పుతున్నాయి? అంటే సిద్ధాంతకర్తలే ఫైలును మళ్లీ తూనికలు కొలతల బల్ల మీదికి పంపారు. ఆ అంకెను నమ్మకంగా కొలిచే ‘ర్యాండమైజ్డ్ బెంచ్‌మార్కింగ్’ పద్ధతిని 2008లో ఇమాన్యుయల్ నిల్, వైన్‌లాండ్ బృందం ప్రయోగంలో చూపించినదీ బౌల్డర్‌లోనే.

డబ్బు సంగతేమిటి అని మరొకరు అడుగుతారు. సంకేతాలు ఛేదించే ఆశతో అమెరికా భద్రతా సంస్థలు, సైన్యం పరిశోధన విభాగాలు 1990ల మధ్య నుంచి నిధులు పోయకపోతే ఈ కొలువులు పుట్టేవా? ఇన్ని పుట్టేవి కావు. దీన్ని కాదనను. అయితే జీతం ఎవరిచ్చారన్నది వృత్తి ఎంత పెరిగిందో చెబుతుంది, అందులోని పనితనం ఎక్కడిదో చెప్పదు. రాజు కిరీటం చేయించాడని కంసాలితనం రాజుగారి వంశవిద్య అయిపోదు.

నా వాదనకు నిజంగా లొంగనివి కొన్ని ఉన్నాయి, వాటిని దాచడం మర్యాద కాదు. 1998లో రెండు క్యూబిట్లతో నడిచిన తొలి లెక్కలు రసాయన శాస్త్రజ్ఞుల ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాద) యంత్రంలో, పరీక్షనాళికలోని క్లోరోఫాం లాంటి ద్రవాల్లో జరిగాయి. 2001లో 15ను మూడైదులుగా విడగొట్టింది కూడా ఆ పద్ధతే, ఏడు పరమాణు కేంద్రకాలతో. ఆ చేతులు రసాయన ప్రయోగశాలలవి. ఆ శాఖ త్వరగా ఎండిపోయింది గాని, దాని భాష, ముఖ్యంగా జ్ఞాపకం నిలిచే వ్యవధులకు పెట్టిన పేర్లు, అందరికీ మిగిలాయి. 1998లో బ్రూస్ కేన్ ప్రతిపాదించిన సిలికాన్ క్యూబిట్ల దారి ట్రాన్సిస్టర్ పరిశ్రమది. 1999లో కెనడాలో మొదలైన డి-వేవ్ ఎవరి పోలికా లేకుండా కంపెనీగానే పుట్టింది. కాంతితో చేసే శాఖ మాత్రం మళ్లీ మన గూటికే వస్తుంది: దాని ముఖ్య పనిముట్టయిన ‘స్క్వీజ్డ్’ కాంతిని 1981లో కార్ల్‌టన్ కేవ్స్ సిఫారసు చేసింది గురుత్వ తరంగాలను కొలవడానికి. కాబట్టి వంశవృక్షం ఒకే కాండం కాదు. కాండాలన్నిటిలోకీ లావైనది ఏదంటే నా జవాబు మారదు.

2016 మేలో ఐబీఎం అయిదు క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచాక ఇంకో రకం మనుషులు వచ్చారు. ఫ్రిజ్ మూత తీసి చూడకుండానే, వేల మైళ్ల దూరం నుంచి ప్రోగ్రాం రాసి పంపేవాళ్లు. క్వాంటమ్ శాస్త్రవేత్త అన్న పేరు ఇప్పుడు వాళ్లకూ ఉంది, ఉండాలి కూడా. వీళ్లకు కొలతలతో పనేమిటి అంటే, ఆ యంత్రాల వివరాలున్న పేజీ తెరవండి చాలు. ఒక్కో క్యూబిట్ జ్ఞాపకం ఎన్ని మైక్రోసెకన్లు, ఒక్కో గేటు ఎంత తప్పుతోంది అని రోజూ కొలిచి వేసిన పట్టిక ఉంటుంది. ఏ క్యూబిట్ మీద లెక్క నడపాలో ఆ పట్టిక చూసే నిర్ణయించుకుంటారు. సరుకు కొనే ముందు తూకంరాళ్ల మీద ముద్ర చూసుకునే అలవాటులాంటిదే.

అరువు తెచ్చుకున్నది తిరిగి ఇచ్చిన సందర్భం కూడా ఉంది, వంశం విషయంలో అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అల్యూమినియం అయాన్ అద్భుతమైన గడియారం అవుతుందని బౌల్డర్ వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. చిక్కేమిటంటే దాన్ని చల్లబరిచి చదవడానికి కావాల్సిన లేజర్ చేతికందేది కాదు. 1995 నాటి గేటు ఉపాయాన్ని తీసుకుని, పక్కనే ఒక బెరీలియం అయాన్‌ను నిలబెట్టి, అల్యూమినియం మనసులో మాటను దానితో చెప్పించారు. 2005లో పద్ధతి ప్రచురించారు. 2010 నాటికి అలాంటి గడియారం సుమారు 370 కోట్ల ఏళ్లకు ఒక్క సెకను తప్పే స్థాయికి చేరింది. రెండు గడియారాలు పెట్టి ఒకదాన్ని 33 సెంటీమీటర్లు, అంటే ముప్పావు మూర, పైకి లేపితే ఐన్‌స్టైన్ చెప్పినట్టే అది కాస్త వేగంగా నడవడం కొలిచి చూపారు. గణకుడి కోసం పుట్టిన గేటు పదేళ్లలో గడియారంలో బిగుసుకుంది. కొలతా గణనా వేరువేరు వృత్తులైతే ఈ రాకపోకలు ఇంత సులువుగా సాగవు.

మన దగ్గర సంగతికి వద్దాం. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. దాని కింద నాలుగు కేంద్రాలు: గణన బెంగళూరు ఐఐఎస్సీకి, సమాచార ప్రసారం మద్రాసు ఐఐటీకి, సెన్సింగ్–కొలతలు బొంబాయి ఐఐటీకి, పదార్థాలు ఢిల్లీ ఐఐటీకి. పంపకానికి పరిపాలనాపరమైన కారణాలు ఉంటాయి, నాలుగు చోట్లా సమర్థులే ఉన్నారు. కానీ గణన ఒక ఊళ్లో, కొలత వెయ్యి కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్లో అన్న ఈ విభజన చరిత్రకు ఎదురు నడక. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి అమరావతిలో క్వాంటమ్ వ్యాలీని, అందులో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న యంత్రాన్ని ప్రకటించింది. మంచిదే. యంత్రం వస్తే దానిమీద ప్రోగ్రాములు రాసేవాళ్లకు మన జిల్లాల్లో కొదవ ఉండదు. ఇరవై ఏళ్లుగా మన కాలేజీలు తయారుచేస్తున్నది ఆ పిల్లలనే. లేనిది రెండో రకం: టంకం వేయగలిగిన, వాక్యూమ్ పంపు చప్పుడు విని రోగం చెప్పగలిగిన, రాగి పొడి వడపోత స్వయంగా చేసుకోగలిగిన, ఒక అంకె పక్కన పొరపాటు ఎంతో రాయకపోతే నిద్రపట్టని మనిషి. ఆ మనిషి దూరం నుంచి యంత్రం వాడితే తయారుకాడు. కాబట్టి క్వాంటమ్ వ్యాలీ నక్షా గీస్తున్నవాళ్లకు ఒక విన్నపం. ఆ ఆవరణలో ఎక్కడో ఒక మూల, అద్దె యంత్రానికి ఎంత చోటు ఇచ్చారో అందులో పదో వంతు చాలు, ఒక గడియారాల గది కట్టండి. ఒక అయాన్ ఉచ్చు, రెండు లేజర్లు, ఒక చిన్న ఫ్రిజ్, ఒక లేతు మిషను పెట్టి, తాళం చెవి ఎమ్మెస్సీ పిల్లల చేతికివ్వండి. గుమ్మం మీద సి.ఆర్. రావు గారి పేరు రాయండి.